బంతిల కూసొని లేచే రాజనర్సు

రాజనర్సుకు ఒక్కటే రోగం. దావత్‌కు పిలిస్తె వస్తడు, బంతిల కూసుంటడు, విస్తారి ముందలికి రాంగనే అలుగుతడు. అలిగినోడు ఒక్కడే పోతె పీడ పోయె అనుకోవచ్చు. "గీ ఇంట్ల మనకు ఇజ్జత్ లేదు, లేవుండ్రి!" అని మొత్తుకుంటడు. ఎన్క వచ్చిన నలభై మంది ఆకలి కడుపుతోని లేవాలె. గా నలభై మందిల మొదటోడు నాగేశం. మండదా మరి? ముప్పయ్యేండ్ల సంది వాసన చూసి వదిలిపెట్టి వచ్చిన కూరలు యాది చేసుకుంటేనే ఆయనకు ఒళ్లంత మంట.

రాజనర్సు చిన్నోడేం కాదు. చంద్లాపూర్ దిక్కు ఇరవై ఎకరాల ఆసామి, రెండుసార్లు సర్పంచ్. పార్టీలల్ల గూడ గదే తీరు. కుర్సీ రెండో వరుసల ఏసిన్రని ఒక పార్టీ ఇడిసిపెట్టిండు, కప్పిన శాలువ పల్సగున్నదని ఇంకోటి ఇడిసిపెట్టిండు. ఎన్ని ఇడిసినా నాగేశం ఎన్కనే ఉన్నడు. ఎందుకున్నడో ఆయనకే తెల్వది.

"మళ్ల ఉపాసమే వచ్చినవా?" అని భార్య భారతమ్మ తలుపుకాడనే అడుగుతది.

"నీళ్ల గ్లాసు ఎడమదిక్కు పెట్టిన్రట."

"పెడితె?"

"నాకేం ఎరుక! ఆయన్నే అడుగుపో!"

అన్నిటికంటె అన్యాలం కొండవ్వ ఇంట్ల జరిగింది. కొండవ్వ బీడీలు చేసి బతికే మనిషి. మనుమరాలి ఓణీల ఫంక్షన్‌కు కాళ్లు మొక్కి పిలిచింది. ఈయన పోయి, "సర్పంచ్‌ను చాప మీద కూసుండవెడ్తరా?" అని లేచిండు. మూడోసారి ఎలక్షన్ల గా వాడకెళ్లి ఒక్క ఓటు రాలే. పదకొండు ఓట్లతోని ఓడిండు. "నీ నోరే నిన్ను ఓడగొట్టింది" అని నాగేశం తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టిండు. రాజనర్సు మీసం దువ్వుకున్నడు.

ఇగ నాగేశం మనుమని పుట్టెంట్రుకలు వచ్చినయి. కొమురవెల్లిల మొక్కు తీర్చుకొని, తెల్లారి ఇంటిముందల షామియానా ఏసి దావత్ పెట్టిండు. కరీంనగర్ కెళ్లి వియ్యంకులు వస్తున్రు. వాళ్ల ముందల పరువు పోవద్దు. అందుకే నాగేశం ముందే పోయి దండం పెట్టిండు.

"అన్నా, నా ఇంట్ల మాత్రం లేవకు."

"ఛ! నీ ఇంట్ల లేస్తనా?"

గని నాగేశం చేసిన తప్పు వేరే ఉన్నది. ఇంటికొక్కలు వస్తరని లెక్కగట్టి వంట చెప్పిండు. పిలువబోయిన కాడ నోరు ఊకుంటదా? ప్రతి గడపకాడ, "పొయ్యి ముట్టియ్యకుండ్రి, ఇంటందరు రావాలె" అన్నడు. వాళ్లు నిజంగనే ముట్టియ్యలే. పిల్లాజెల్లా, ఇంటికొచ్చిన సుట్టాలు, అందరు దిగిన్రు.

వంటోడు రాజం వచ్చి చెవుల చెప్పిండు. "సేటూ, కూర గిన్నె అడుగుకు వచ్చింది. గీ బంతికి ఏస్తె వియ్యంకులకు ఉండది."

నాగేశం గిర్రున తిరిగిండు. బంతిల చూస్తె రాజనర్సు, ఆయన నలభై మంది విస్తార్లు కడుక్కొని కూసున్నరు. వియ్యంకులు పక్కకు నిలబడి చూస్తున్నరు. రాజనర్సు ఒకసారి రాజం మొకం చూసిండు, ఒకసారి నాగేశం మొకం చూసిండు. ఎంబడే గర్జించిండు.

"నాగేశం! ఫ్లెక్సీల నా ఫోటో మీ వియ్యంకుని కాళ్లకాడ పెడ్తవా? లేవుండ్రి!"

నాగేశానికి ముప్పయ్యేండ్ల కోపం ఒక్కసారే ఎక్కింది. "పో! మాటిచ్చి తప్పుతవా? నీ ఎన్క తిరిగి నా కడుపు ఎండవెట్టుకున్న. ఇయ్యాల్టి సంది నా గడప తొక్కకు!" అని మొత్తుకున్నడు. నలభై మంది గొణుక్కుంట పోయిన్రు.

ఖాళీ అయిన జాగల వియ్యంకులు కూసున్నరు. కడుపునిండ తిన్నరు. "కూర మస్తున్నది బావా. గని గా పెద్దమనిషికి గంత కోపమేంది?" అన్నడు వియ్యంకుడు.

రాజం గంటె గిన్నెల కొట్టి, "సరిపోయింది సేటూ, ఇంకింత మిగిలింది" అన్నడు.

నాగేశం ఒకసారి గిన్నె చూసిండు, ఒకసారి రాజనర్సు లేచిపోయిన జాగ చూసిండు. పెద్ద పెద్ద ఫంక్షన్ హాళ్లల్ల ఈయన ఎన్నడన్న లేచిండా? లేవలే, మూడుసార్లు ఏపిచ్చుకొని తిన్నడు. లేచినవన్ని కొండవ్వ అసుంటోళ్ల ఇండ్లే. నాగేశానికి సిగ్గయింది. సిగ్గు ఎంబడే ఇంకింత కోపం గూడ వచ్చింది.

మిగిలిన కూర టిఫిన్ల పెట్టుకొని పోయిండు. రాజనర్సు మామిడికాయ తొక్కుతోని బువ్వ తింటున్నడు.

"అన్నా, ఫోటో రేపే పెద్దగ చేపిస్త."

"ఏ ఫోటో? కండ్లద్దాలు ఇంట్లనే మర్సిన. ఫ్లెక్సీల ఎవలున్నరో నాకేం కనవడ్డది?"

"మరి కొండవ్వ ఇంట్ల?"

"వంట గంజుల అన్నం లేకుండె. ముసల్ది తలుపు సాటుకు కండ్లు తుడుసుకుంటుండె."

"ఓట్లు పోయినయి గదనే!"

"పోతె పోయినయి."

"నాకొక్కనికన్న చెప్పద్దా? ముప్పయ్యేండ్లు!"

"చెప్తె నీ మొకంల గా కోపం ఏడికెళ్లి వస్తది వోయ్? నన్ను చూసి ఎవలు నమ్ముతరు? నీ మొకం చూసే అందరు నమ్మిన్రు."

నాగేశం దిగ్గున లేచిండు. "నీతోని మాట్లాడుడే తప్పు, పోతున్న" అని తలుపుదాక పోయిండు. ఎన్క రాజనర్సు టిఫిన్ మూత తీసిండు. నాగేశం మర్లి వచ్చి ఎదురుంగ కూసున్నడు.

"ఇంకో పళ్లెం తెమ్మను" అన్నడు, కోపంగనే.