రత్నాలమ్మకు వచ్చింది కిడ్నీ జబ్బు కాదు

వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న పల్లెలో రత్నాలమ్మ ఎండుచేపలు అమ్ముకుని బతికేది. భర్త ధనరాజు సముద్రంలో వేటాడి తెచ్చిన చేపల్లో పచ్చిగా అమ్ముడుపోనివి ఉప్పు పట్టించి ఎండబెట్టి, గంపకెత్తుకుని పొద్దున్నే బస్సులో కాశీబుగ్గ వెళ్లేది. నలభై రెండేళ్ల గట్టి మనిషి. నెత్తిన గంపతో ఆమె బస్సు మెట్లెక్కుతుంటే కండక్టరే పక్కకు తప్పుకునేవాడు.

2004 వేసవిలో పొడి దగ్గు పట్టుకుంది. తర్వాత ఆయాసం. బస్సు దిగి బజారుకు నడిచే కొద్దిపాటి దూరంలోనే రెండుసార్లు గంప దించుకోవాల్సి వచ్చేది. వానలు మొదలయ్యేసరికి పాదాలు వాచాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉండిపోయేది.

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఆ ఉద్దానం ప్రాంతంలో కాళ్లు వాచాయంటే ఎవరూ ఇంకో కారణం వెతకరు. ఆ పల్లెలో నాలుగేళ్లలో ఏడుగురు కిడ్నీలు పాడై చనిపోయారు. వారిలో ధనరాజు సొంత అన్న కూడా ఉన్నాడు. ఆయన భార్య జోగమ్మ వచ్చి తోటికోడలి మంచం పక్కన కూలబడి ఏడ్చింది.

"మీ బావకీ ఇలాగే మొదలైంది సెల్లీ!"

రత్నాలమ్మ ఏడవలేదు. పరీక్షలు మాత్రం వద్దంది. "ఆ కాయితంలో ఏటి రాత్తారో నాకు తెలీదేటి మావా?" అని భర్తనే ఎదురడిగింది. అతను చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు.

కాశీబుగ్గలో గౌరీశంకర్ అనే ఆయన చిన్న రక్తపరీక్షల ల్యాబు నడిపేవాడు. ఉదయం రక్తం, మూత్రం తీసుకుని సాయంత్రం ఇద్దరినీ లోపలికి పిలిచాడు.

"నీ కిడ్నీలు బాగున్నాయమ్మా."

"ఇంకోపాలి సూడు బాబూ. ఎవులిదో నాదనుకున్నావేమో."

"రెండుసార్లు సేశాను. తేడా కిడ్నీల్లో కాదు, రక్తంలో ఉంది. ఇటొచ్చి సూడు."

రత్నాలమ్మ మైక్రోస్కోపులోకి ఒంటికన్నుతో చూసింది. లేత గులాబీ రంగు మీద, నారింజ రంగు గింజలతో కిక్కిరిసిన గుండ్రటి చుక్కలు.

"రొయ్య గుడ్లలాగున్నాయి," అంది.

"ఇసినోఫిల్స్ అంటారు. తెల్లకణాల్లో ఒక రకం. నూటికి నాలుగో అయిదో ఉండాలి. నీకు అరవై రెండున్నాయి."

ఆ రిపోర్టు చూసిన పలాస డాక్టరు ముందు ఫైలేరియా అనీ, కడుపులో పురుగులనీ అనుమానించాడు. ఆ తీరంలో ఈ కణాలు పెరిగితే చాలామందికి కారణం అవే. మూడు వారాలు మాత్రలు మింగినా లెక్క తగ్గలేదు. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఈసారి డాక్టరు గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. చీటీ రాసిచ్చి విశాఖపట్నం పంపించాడు.

అక్కడ డాక్టర్ జయశ్రీ గుండెకు స్కానింగు చేసింది. తెర మీద చూపిస్తూ భార్యాభర్తలిద్దరికీ విడమరిచి చెప్పింది.

"గుండె పిండటం బాగానే పిండుతోందమ్మా. సాగడమే లేదు. లోపలి పొర మందమైపోయింది. వచ్చే రక్తానికి లోపల చోటు లేక వెనకే నిలిచిపోతోంది. కాళ్లలో నీరు అందుకే. ఇదిగో, ఈ మూల రక్తం గడ్డ కూడా కట్టింది."

"దీనికీ, ఆ కణాలకీ ఏటి సంబంధం డాట్రమ్మా?" అన్నాడు ధనరాజు.

"ఆ గింజల్లో ఉండే పదార్థం పురుగుల్ని చంపడానికి. ఇన్ని చేరితే అదే గుండె పొరను కాలుస్తుంది. కణాలను తగ్గించగలం. కాలినచోటు మళ్లీ మామూలుగా అవుతుందని మాత్రం చెప్పలేను."

తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షించారు. రక్త క్యాన్సరు కాదని తేలింది. కణాలను అణిచే స్టెరాయిడ్ మాత్రలు, గడ్డ కరగడానికి రక్తాన్ని పలచన చేసే మందు, నీరు లాగే మందు ఇచ్చారు. ఉప్పు మానేయమన్నారు. రత్నాలమ్మకు ఆ ఒక్క మాటే కష్టంగా తోచింది. ఎండుచేప లేకుండా ఆమెకు ముద్ద దిగేది కాదు. పది రోజుల్లో కణాలు నూటికి ఏడుకు దిగాయి. కాళ్ల వాపు తగ్గింది.

అయితే స్టెరాయిడ్‌తో మొహం గుండ్రంగా ఉబ్బింది. జోగమ్మ చూసి గుండెలు బాదుకుంది. "ఇప్పుడు మొకానికెక్కీసిందే! ఇది కిడ్నీయే, ఆ వైజాగోళ్లు నీకు దాసీసినారు సెల్లీ."

ఆ మాట రత్నాలమ్మను తొలిచేసింది. మొహం ఉబ్బింది ఆ స్టెరాయిడ్ మొదలయ్యాకేనని, నాలుగో నెలలో ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్క మాత్ర మానేసింది. మూడు వారాలకు దగ్గు, ఆ వెనకే ఆయాసం తిరిగొచ్చాయి. ల్యాబులో లెక్క నలభై ఒకటి.

"మాత్రలు మింగుతున్నావా?" అన్నాడు గౌరీశంకర్. "చెప్పమ్మా. డాక్టరమ్మకి నాను ఫోన్ చెయ్యాలి."

"మొకం ఉబ్బితే కిడ్నీయే అన్నారు బాబూ. బయమేసింది."

"ఆ మాట అన్నవాళ్లని రేపు తీసుకురా."

మర్నాడు జోగమ్మ వచ్చింది. గౌరీశంకర్ అన్ని కాగితాలూ వరసగా పరిచి, ఏది కిడ్నీ లెక్కో ఏది కణాల లెక్కో వేలు పెట్టి చూపించాడు. జోగమ్మకు చదువు రాదు కానీ అంకెలు వచ్చు. చాలాసేపు చూసింది. బయటికొచ్చాక, "నానే నీ మాత్ర మానిపించాను," అని అరుగు మీద కూర్చుండిపోయింది. రత్నాలమ్మ కూడా పక్కన కూర్చుంది. బస్సు వచ్చాక ఇద్దరూ కలిసి ఎక్కారు.

విశాఖలో జయశ్రీ తిట్టలేదు. మాత్రలు మళ్లీ మొదలుపెట్టి, తోడుగా ఇంకో మందు కలిపి, నెలనెలా మోతాదు తగ్గిస్తూ వచ్చింది. మరుసటి సంక్రాంతి దాటేసరికి మొహం మామూలైంది. ఏడాదికి గుండెలోని గడ్డ కరిగింది. పొర మాత్రం మందంగానే ఉండిపోయింది.

బరువులెత్తడం ఇక కుదరదన్నారు. గంప మోసే పని జోగమ్మ తీసుకుంది. రత్నాలమ్మ బజారులో కూర్చుని బేరాలు చూసుకునేది. నెలకోసారి రక్తం ఎంత పలచగా ఉందో చూపించుకునేది. 2009లో జయశ్రీ ఎంత దూరం నడవగలుగుతున్నావని అడిగింది.

"నేల సదునుగా ఉంటే ఎంతైనా నడుత్తాను డాట్రమ్మా. పలాస టేసన్లో వంతెనెక్కితే మాత్రం మజ్జిలో ఓపాలి ఆగాల."

"ఆగు. తప్పేం లేదు," అని జయశ్రీ మందుల చీటీ రాసి ఆమె చేతిలో పెట్టింది.