భోజన్న రియాద్‌లో గడిపిన శనివారం

తొమ్మిదేళ్లుగా సౌదీలో ఉన్నా భోజన్న రియాద్ చూడలేదు. ఉనైజా శివార్లలోని ఖర్జూర తోటే అతనికి తెలిసిన దేశం. జగిత్యాల దగ్గరి పల్లెలో ఈతచెట్లు ఎక్కిన కాళ్లకు ఖర్జూర చెట్టు కొత్తేమీ కాలేదు.

ఆ ఏడు నితాఖత్ అనే కొత్త నిబంధన వచ్చింది. సౌదీలకు సరిపడా ఉద్యోగాలివ్వని యజమానుల దగ్గరున్న పరాయివాళ్లు తమకు పూచీపడే కొత్త యజమానిని, కఫీల్‌ను వెతుక్కోవాలి, లేదంటే ఇంటిదారి పట్టాలి. గడువు బుధవారం. పక్క తోట ఆసామి అబూ సాలిహ్ భోజన్నను తీసుకుంటానన్నాడు. కాకపోతే పాస్‌పోర్టు గడువు తీరిపోయి ఉంది.

"శనివారం రియాద్ పోయి, కొత్తదానికి అర్జీ పెట్టిన రసీదు తే. సోమవారం పొద్దున్నే నా కాగితాలన్నీ లేబర్ ఆఫీసులో ఇచ్చేస్తా. ఆదివారం సాయంత్రానికి రాకపోతే నీ పేరుండదు" అన్నాడు.

శనివారం మొదటి బస్సులో భోజన్న రియాద్‌లో దిగాడు. దొరికిన టాక్సీ డ్రైవరు ప్రొద్దుటూరు మనిషి, మస్తాన్ వలీ. దారంతా కార్లే. నడిచే మనిషి ఒక్కడైనా కనబడలేదు. ఇన్ని ఇళ్లు కట్టిన మనుషులంతా ఎక్కడుంటారోనని భోజన్నకు అనిపించింది.

భారత ఎంబసీ గేటుకు తాళం వేసి ఉంది. ఇవాళ సెలవన్నాడు కాపలా మనిషి.

"శనివారం సెలవేంది భాయ్? సెలవు బేస్తారం, శుక్రారం గద!"

మస్తాన్ వలీ నుదురు కొట్టుకున్నాడు. "నా మతి మండా! ఈ వారం నుంచే మార్చినారన్నా. ఇంగ శుక్రవారం, శనివారం సెలవులు. టీవీలో చెప్పినారే, మీ తోటలో టీవీ ల్యాదా?"

"తోటల మాకు శుక్రారం ఒక్కటే ఎర్కనే."

"సరే, నా రూముకు రా. రేప్పొద్దున దింపుతా."

భోజన్న ఆలోచించాడు. ఇది గడువు ముగిసే వారం. రేపు ఇక్కడ వేలమంది ఉంటారు. మధ్యాహ్నం రెండు గంటల బస్సు తప్పితే చీకటి పడేలోగా ఉనైజా చేరలేడు.

"నేనీడనే ఉంట" అన్నాడు.

"ఈ ఎండలోనా? ఏం మనిషివన్నా, వడియాల మాదిరి ఎండిపోతావు!"

కాపలా మనిషి గేటు ముందు కూర్చోనివ్వలేదు. రోడ్డవతల గోడ నీడ చూపించాడు. అంతలో మధ్యాహ్నపు అజాన్ వినిపించింది. మస్తాన్ వలీ నమాజుకు వెళ్లాడు. ఉనైజాలో నాలుగు దుకాణాలు మూసుకోవడం భోజన్నకు అలవాటే. ఇక్కడ మాత్రం ఎటు చూసినా షట్టర్లు దిగాయి, నగరమంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. మూసిన టీకొట్టు మెట్లమీద నేపాలీలు, ఫిలిప్పీన్సు వాళ్లు కూర్చుని ఉన్నారు. ఇంటివాళ్లు పూజలో ఉంటే వరండాలో ఎదురుచూసే చుట్టాల్లా ఉన్నారు. తనూ అంతే. ఒకరింట్లో తొమ్మిదేళ్లు చుట్టంగా ఉండటం ఎలా సాధ్యమైందో అతనికి అంతుపట్టలేదు. అదే ఇంట్లో ఇంకొన్నాళ్లు ఉండనిమ్మనే అడగడానికి వచ్చాడు.

సాయంత్రం మస్తాన్ వలీ రొట్టెలు, నీళ్లు తెచ్చిచ్చి పోయాడు. అప్పటికి నజ్రాన్ పొలాల నుంచి ఇద్దరు, ఎడారి గొర్రెలమందల నుంచి ఒకడు వచ్చి చేరారు. ఎవరికీ సెలవు సంగతి తెలియదు.

"లైను ఇదేనా అన్నా?"

అప్పటిదాకా అది లైనని భోజన్నకే తట్టలేదు. "ఇదే. నా ఎన్క కూసోండ్రి" అన్నాడు.

తెల్లవారేసరికి ఆ వరస మలుపు తిరిగిపోయింది. గేటు తెరిచే వేళకు మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న కంపెనీ మనుషులు నలుగురు ముందుకు తోసుకొచ్చారు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని భోజన్న చేయి అడ్డం పెట్టాడు.

"ఏయ్, ఎప్పుడొచ్చినవ్ నువ్వు?" అన్నాడు వాళ్లలో ఒకడు.

"నిన్న."

"నిన్న సెలవు కదా!"

"ఎర్కలేకనే వచ్చిన. అందర్దీ అదే కథ. ఎన్కకు పో సారూ."

వెనకవాళ్లు ఘొల్లున నవ్వారు. ఆ నలుగురూ తోక వైపు నడిచారు.

తొమ్మిదిన్నరకు రసీదుతో బయటికొచ్చాడు. గొర్రెలకాపరి అప్పుడే గేటు దగ్గరికి చేరాడు.

"అయిందా అన్నా?"

భోజన్న రసీదు విప్పి చూపించాడు. దానిమీద ఏం రాసి ఉందో ఇద్దరికీ చదవరాదు. అయినా ముద్ర పడిన చోటును కాపరి చాలాసేపు చూశాడు. అతని వెనకవాళ్లు కూడా మెడలు చాచారు. అందరూ చూసేదాకా, బస్సుకు ఇంకా టైముందని, భోజన్న దాన్ని మడవలేదు.