నాలుగు సెంటీమీటర్లు

ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న టైలరమ్మను వీధంతా అంగుళాలక్క అంటుంది. ఆమె కిడ్నీలోంచి క్యాన్సర్ గడ్డను కోసి తీసి పది రోజులైంది. ఇక ఎన్నాళ్లు బతుకుతుందో ఇవాళ వచ్చే రిపోర్టును బట్టే తెలుస్తుందని తమ్ముడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"గడ్డ నాలుగు సెంటీమీటర్లే. ఏడు దాటకపోవడం మంచిది," అంది డాక్టరమ్మ రిపోర్టు చూస్తూ.

అక్క సంచిలోంచి టేపు లాగి సెంటీమీటర్ల వైపు నాలుగు దగ్గర గోరు పెట్టింది.

"ఒరేయ్, ఇంతేరా! దీనికేనా వారం రోజులుగా ముఖం వేలాడేశావు?"

"అక్కా, ఊరుకోవే. డాక్టరుగారూ, కిడ్నీ దాటి పాకిందాండీ?"

"లేదు. రక్తనాళాల్లోకీ వెళ్లలేదు. కోసిన అంచులూ శుభ్రంగా ఉన్నాయి, అక్కడ క్యాన్సర్ లేదు."

"అంచు ఎంత వదిలి కోశారు?" అంది అక్క.

"మూడు మిల్లీమీటర్లు."

"అయ్యో, నేను జాకెట్టుకే అరంగుళం వదుల్తానండీ!"

"మీ కిడ్నీ మిగలాలి కదమ్మా!"

అక్క పకపకా నవ్వి, కుట్లు లాగేసరికి పక్క పట్టుకుని మళ్లీ నవ్వింది. తమ్ముడు నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చాడు.

"బీపీ అదుపులో పెట్టుకోండి. ఆర్నెల్లకోసారి స్కానింగుకి రండి. చాలా ఏళ్లు హాయిగా ఉంటారు."

అక్క లేస్తూ డాక్టరమ్మ కోటు చేయి పట్టి చూసింది.

"ఇది రెండంగుళాలు పొడుగైంది, సరిచేసిస్తాను. ఈ ఏడాది కుదరకపోతే పై ఏడాది ఇవ్వండి. నేనెక్కడికి పోతాను?"