మా బావకు చదివి వినిపించాలి

మా బావకు ఏది రాసి చూపించినా చూడడు. కాగితమిస్తే పక్కన పెడతాడు, కంప్యూటర్ తెర చూపిస్తే కళ్ళు మూసుకుంటాడు. "చదివి వినిపించు" అంటాడు. అంతే. ఆయనకు కళ్ళున్నాయి, కళ్ళజోడుంది, చదువుంది. లేనిదల్లా ఎదుటివాళ్ళ నోటికి కాస్త విశ్రాంతినిద్దామన్న ఆలోచన ఒక్కటే.

కొత్త వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు, దాంతో వచ్చిన సూచనల పుస్తకాన్ని అక్క చేత మొదటి పేజీ నుంచి చదివించాడు. "నీటి గొట్టమును గట్టిగా బిగించవలెను" అని అక్క చదవగానే చెయ్యెత్తి ఆపాడు.

"ఎటు తిప్పి?"

"గొట్టం బిగించడం కూడా నేనే చెప్పాలాండీ?"

"నిన్ను కాదు, పుస్తకాన్ని అడుగుతున్నాను."

అక్క పుస్తకాన్ని ఆయన ఒళ్ళో పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు గొట్టం నేను బిగించాను.

అపార్టుమెంట్లో లిఫ్ట్ చెడిపోయినప్పుడైతే వాచ్‌మన్ దొరికాడు. "లిఫ్ట్ పనిచేయుట లేదు. అసౌకర్యమునకు చింతిస్తున్నాము" అని ఉన్న బోర్డును అతని చేత పైకి చదివించి, "ఎవరు చింతిస్తున్నారు?" అని అడిగాడు. వాచ్‌మన్ కంగారుగా అటూ ఇటూ చూసి, "నేనైతే కాదండీ" అన్నాడు. "చూశావా? చింతించేవాడి జాడ లేదు, మెట్లు ఎటున్నాయో మాట లేదు" అని బావ నాకు పాఠం చెబుతూ నాలుగో అంతస్తు దాకా ఎక్కించాడు.

ఇలాంటి మనిషి చేతిలో ఒక బిల్డ్ టూల్ ఉంది. ప్రోగ్రామర్లు ముక్కలు ముక్కలుగా రాసిన కోడ్‌ను వరసలో పేర్చి, నడిచే సాఫ్ట్‌వేర్‌గా తయారుచేసి పెట్టే పనిముట్టు అది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో చూడవచ్చు, ఫలానా మార్పు చేద్దామనీ అడగవచ్చు. ఒప్పుకోవడమా మానడమా అన్నది మాత్రం బావ ఇష్టం. ఒకమ్మాయి, తప్పు జరిగినచోట ఎర్రని ఇంటూ గుర్తు పడేలా రాసి, మురిపెంగా చూపించింది. వీడియో కాల్‌లో బావ కళ్ళు మూసుకున్నాడు.

"చదివి వినిపించమ్మా."

"చదవడానికేముందండీ? ఎర్ర ఇంటూ."

"అది బొమ్మ. ఏమంటోంది?"

"తప్పు అంటోంది."

"ఏది తప్పు? ఎక్కడ?"

ఆ అమ్మాయి వారం రోజులు అలిగి, చివరికి ఏ ఫైల్లో ఏ లైను తప్పో మాటల్లో చెప్పేలా మార్చింది. మీ బావకు తిక్క అని నాతో అంది. కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

తర్వాత నా వంతు వచ్చింది. మా ఆఫీసులో ఆ టూలే వాడతాం. పని మొదలుపెట్టాక అది మూగనోము పడుతుంది. పాపం మావాళ్ళు అది ఆగిపోయిందనుకుని మధ్యలో పీక నొక్కేసి, మళ్ళీ మొదటినుంచీ నడిపిస్తారు. విసిగిపోయిన మా మేనేజరు, వచ్చే వెర్షన్లో ఇది బాగుపడకపోతే వేరే టూల్‌కు మారిపోదామన్నాడు. బాగుచేసే పూచీ నాది అని అందరి ముందూ అనేశాను. బావ ఊళ్ళోనే ఉన్నాడన్న ధీమా నాది!

ముచ్చటైన ప్రోగ్రెస్ బార్ తయారుచేశాను. ఎడమనుంచి కుడికి గీత పెరుగుతుంది, పక్కన శాతం మారుతుంది. ఆదివారం పొద్దున్నే పట్టుకెళ్ళాను. బావ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"ఊఁ, కానియ్."

"గీత. ఒక శాతం. గీత. రెండు శాతం. గీత..."

ఇరవై దాటేసరికి నా గొంతు ఎండిపోయింది. బట్టలు మడతపెడుతున్న అక్క తలెత్తి, "ఒరేయ్, ఎక్కాలు మళ్ళీ మొదలెట్టావా?" అంది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అరవై ఏడు దగ్గర ఏదో పెద్ద ఫైలు అడ్డం పడింది.

"అరవై ఏడు. అరవై ఏడు. అరవై ఏడు..."

"ఏం చేస్తోందోయ్?"

"తెలీదు బావా."

"ఇంత వాగి, అసలు సంగతి చెప్పలేదన్నమాట."

ఒళ్ళు మండింది కానీ, నిజమే అనిపించింది. అంకెలు కదులుతుంటే పని జరుగుతోందని మనం తృప్తిపడతాం. ఏ పనో అడగం. ఆ సాయంత్రమే అంతా చెరిపేశాను. ఒక పని ముగిసి మరో పని మొదలైనప్పుడే మాట్లాడాలి. ఎక్కడైనా ఆలస్యమైతే ఎందుకో చెప్పాలి. గీతలు కావాలన్నవాళ్ళు అడిగి తెప్పించుకోవాలి. ఈసారి చదివితే మొత్తం నాలుగు వాక్యాలైంది. "పెద్ద ఫైలు దగ్గర ఉంది, ఇంకా పనిచేస్తోంది" అన్న వాక్యం దగ్గర అక్క, "హమ్మయ్య, చావలేదన్నమాట" అంది. బావ కళ్ళు తెరిచి, "పెట్టేద్దాం" అన్నాడు.

కొత్త వెర్షన్ విడుదలకు ముందు, దాన్ని వాడి చూసిన ఒకావిడతో బావ పక్కన కూర్చుని ఫోన్లో మాట్లాడాను. ఆవిడ వెనకాల ఎవరో గబగబా ఏదో చదువుతున్నారు.

"మీరు తర్వాత మాట్లాడతారా? ఎవరో ఉన్నట్టున్నారు."

"ఎవరూ లేరండీ, నా కంప్యూటరే. నాకు చూపు లేదు. తెరమీద ఏముంటే అది చదువుతుంది, నేను వింటాను. కిందటి ఉద్యోగంలో వాడిన టూల్ అస్తమానం శాతాలు లెక్కపెట్టేది. ఆ గోలలో తప్పెక్కడో వినపడక, ఆ ఉద్యోగమే మానేశాను. మీది మనిషిలా మాట్లాడుతుంది. ఈసారి మారుస్తున్నారంటే, ఇదీ పోయిందనుకుని భయపడ్డాను. ఎంత బాగా చేశారండీ!"

ఫోన్ పెట్టేసి బావ వైపు తిరిగాను.

"ముందే చెప్పొచ్చుగా! ఆవిడ కోసమంటే మొదటిరోజే రాసేవాణ్ణి."

"రాసేవాడివి. ఆవిడ కోసమని పక్కన ఓ మీట పెట్టి, పుణ్యం చేశానని మురిసిపోయేవాడివి. రేపు ఆ మీట చెడిపోతే ఎవరు చూస్తారు? అందరూ వాడేదే ఆవిడా వాడితే, చెడిన రోజు ముందు నువ్వే అరుస్తావు. జాలిపడి రాసేదానికన్నా నన్ను తిట్టుకుంటూ రాసేదే బాగుంటుందోయ్."

"అందరూ నీకు తిక్క అంటున్నారు బావా."

"అననీ. చదువుతున్నారుగా!"

ఆయన మీద అంత ప్రేమ నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు. ఆవిడే తర్వాత తన సంగతి అందరికీ చెప్పింది కాబట్టి ఇవాళ రాయగలుగుతున్నాను. అప్పట్లో మాత్రం, ఎర్ర ఇంటూ గుర్తు అమ్మాయి ఫోన్ చేసి, "నిజం చెప్పండి, మీ బావగారికి తిక్కేనా?" అని అడిగితే నేను క్షణం కూడా తడుముకోలేదు.

"తిక్కేనండీ. బాగా ముదిరింది కూడా. ఆయన చదవమంటే మారుమాట్లాడకుండా చదివెయ్యండి" అన్నాను.