గుడ్డ కప్పిన కారు

నిన్న రాజమండ్రి స్టేషన్లో చూశాను, మన పుస్తకాల షాపు తీసేశారు. అక్కడ రంగురంగుల ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఒళ్ళు మండిపోయింది.

అక్కడికొచ్చే ఇంగ్లీషు కార్ల పత్రిక గుర్తుందా మీకు? తెరవగానే వచ్చే ఆ నున్నటి కాగితం వాసన? మధ్య పోస్టరు చిరక్కుండా పిన్నులు విప్పడానికి ఎన్ని తంటాలు పడేవాళ్ళం! కొవ్వూరులో మా నాన్న కిరాణా కొట్లో పప్పు బస్తాల వెనక గోడంతా ఆ కార్లే. మాకున్నది సైకిలే. నేను చదివి తెలుగులో చెబితే నాన్న వినేవారు.

చివరి పేజీలో వచ్చే నెల చూపించబోయే కారుకి గుడ్డ కప్పి, ఒక్క లైటు మాత్రం కనిపించేలా వేసేవారు. అదేం కారో అని మా ఇద్దరికీ పందెం. ఒకసారి నాన్న జీపన్నారు, నేను చిన్న కారన్నాను. ఆ తర్వాత పత్రికే రాలేదు.

నాన్న గోదావరి వంతెన దాటి ఆ స్టేషన్ షాపుకి వెళ్ళి, "వచ్చిందాండి?" అని అడిగేవారు.

"ఇంక రాదండి. మూసేశారంట."

ఇంటికొచ్చి, "వస్తుందమ్మలూ, చూపిస్తామని వేశారు కదా" అనేవారు.

ఇప్పుడు నాన్న లేరు. ఆ ఆఖరి సంచిక నా దగ్గరే ఉంది. ఆ లైటుని ఫోనుతో ఫొటో తీసి వెతికితే ఏ కారో క్షణంలో తెలిసిపోతుంది.

పందెం ఎవరు గెలిచారో తెలుసుకుని, ఎవరికి చెప్పను?