గూడబాతు బొమ్మ

కొల్లేటి లంకలో నేను ఆయాగా చేసిన అంగన్‌వాడీలో టీచరుగారు ఉన్న ఒక్క బొమ్మల పుస్తకాన్నీ వంతులవారీగా ఇద్దరేసి పిల్లల మధ్య పెట్టేవారు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు తిప్పాలి. పోట్లాడుకుంటే కోప్పడేవారు కాదు. "పేజీ తిప్పమ్మా" అనేవారంతే.

ఏలూరు బళ్లో ఉద్యోగం వచ్చినా, తల్లి పోయిన మేనల్లుళ్లను వదల్లేక ఆవిడ వెళ్లలేదు. "వాళ్లకెవరున్నారండీ" అంటుంటే, తన సంగతి చూసుకోరేమని నాకు ఒళ్లు మండేది.

వాననీళ్లు గుమ్మందాకా వచ్చిన రోజున, టీచరుగారు చెబుతున్న కథలో, పుస్తకంలోని సంచిముక్కు గూడబాతు తన చేపలన్నీ తోటి పక్షులకు పంచేసింది.

"మరి దానికేం మిగిలిందండీ?" అని ఓ పాప అడిగింది.



"పేజీ తిప్పమ్మా" అన్నారు టీచరుగారు, కిటికీలోంచి నీళ్లకేసి చూస్తూ.

"ఇదే ఆఖరిదండీ" అంది పాప.