చేతికి తెలియని వేడి

మా మావయ్యకు ఊళ్లోవాళ్లు పెట్టిన పేరు ‘చల్లారనీ’. వీ ఆకారంలో రెండు సిలిండర్లుండే పెద్ద బైకులు బాగుచేసే మెకానిక్ ఆయన. ఎవరెంత తొందరపెట్టినా ఇంజను చల్లారందే స్పానర్ పట్టడు. అత్తయ్యకు కోపమొచ్చినా అదే మంత్రం, నోరు మెదపకుండా షెడ్డులోకి జారుకుంటాడు. వాళ్లింట్లో ఉండే చదువుకున్నాను నేను. ఇంజన్లు చల్లారడం చూశాను గానీ అత్తయ్య చల్లారడం ఎన్నడూ చూడలేదు.

ఆ బైకుల్లో వాల్వుల్ని తెరవడానికి పుష్‌రాడ్లని సన్నటి ఊచలుంటాయి. పిస్టన్ పైకొచ్చి వాల్వులు మూసుకుని ఉన్నప్పుడు వాటి పొడవు సరిచేయాలి. ఊచ రెండు వేళ్ల మధ్య తేలిగ్గా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. మావయ్యకు వేళ్లే కొలత. వేడి మీద చేస్తే సిలిండర్ సాగి ఉంటుంది, చల్లారాక ఊచ బిగిసి వాల్వు పూర్తిగా మూసుకోదు.

అలాంటివాడు సరిచేసిన బండి మర్నాడు స్టార్టు కాలేదు. ఆసామి వ్యానులో వేసుకొచ్చి దించి, టీ తాగడానికి వెళ్లాడు. మావయ్య ఊచలు పట్టి చూసి, “బాగానే ఉన్నాయే” అని గొణిగాడు.

అత్తయ్య మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు అందుకున్న అరచేతిలో ఇంత లావు బొబ్బ.

“ఇదేంటండీ?”

“ఏది?”

నిజంగానే ఆయనకు తెలియదు. నిన్న ఇంజను చల్లారిందో లేదోనని ఆనించి చూసిన చెయ్యే అది. కాలుతుంటే చల్లగా ఉందనుకున్నాడు.

“షుగరుకి స్పర్శ పోతుందని డాక్టరు చెప్పలా? ఎన్నాళ్ల నుంచి ఇలా?”

“కొన్నాళ్లయింది. చెప్తే షెడ్డు మూసెయ్యమంటావని...”

నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు! అంతలోనే ఏడుపూ వచ్చింది. ఆ పని పోతే ఆయనకు ఇంకేం మిగులుతుంది?

అత్తయ్య తిట్టలేదు. జుట్టు ముడేసుకుని ఇంజను పక్కన చతికిలబడింది.

“ఏది పట్టుకోవాలో చెప్పండి.”

“నీకు రాదే.”

“పిల్లలకి జ్వరముందో లేదో నుదురు ముట్టి చెప్పేదాన్ని. ఈ ఊచ తిరుగుతోందో లేదో చెప్పలేనా?”

మొదటి ఊచ అసలు కదల్లేదంది. ఆయన నట్టు తిప్పాడు.

“ఇంకొంచెం. ఆగండాగండి, ఎక్కువైంది, పైకీ కిందకీ ఆడుతోంది!”

ముందు సిలిండర్ అయ్యాక ఇంజను తిప్పి వెనకది. ఆయన స్పానర్ తిప్పుతూ అత్తయ్య మొహమే చూస్తున్నాడు. ఇద్దరూ దెబ్బలాడుకుంటూనే నాలుగు ఊచలూ ముగించారు.

ఆసామి వచ్చేసరికి బండి స్టార్టయింది. “మీ చేతిలో ఏదో ఉందండీ!” అన్నాడు. మావయ్య పరువు కాపాడాలని అత్తయ్య చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లబోయింది.

“నువ్వాగు” అన్నాడు మావయ్య. ఆసామి వైపు తిరిగాడు. “నా వేళ్లకిప్పుడు ఏమీ తెలియట్లేదండీ. పట్టి చూసి చెప్పింది మా ఆవిడ. ఇది మీకు ఇష్టమైతేనే మళ్లీ బండి తీసుకురండి.”

ఆసామి కాసేపు ఇంజను చప్పుడు విన్నాడు. తర్వాత అత్తయ్యను అడిగాడు.

“మళ్లీ ఎప్పుడు తీసుకురమ్మంటారమ్మా?”